క్రొత్త హీరో శక్తులను పరీక్షించు విధము

బెంగుళూరునకు దక్షిణమున, బన్నేరుఘట్ట అడవికిని బొమ్మసంద్ర కర్మాగారములకును నడుమ విస్తరించిన జిగణి పారిశ్రామికవాడలో, అనంతపురము, చిత్తూరు జిల్లాలనుండియు, ఎల్ల కావలనున్న హొసూరు ప్రాంతపు తెలుగు పల్లెలనుండియు బ్రతుకుతెరువునకై వచ్చి, ముగ్గురు నలుగురు కలసి ఒక అద్దెగదిలోనో పీజీలోనో తలదాచుకొని, షిఫ్టు ముగిసిన పిమ్మట ఫోనులు చేతబట్టుకొని జట్టుగా గేములాడుకొను యువకులు పెక్కుమంది కలరు. ఏ గేములోనైన క్రొత్త హీరో విడుదలయైన రాత్రి అట్టి గదులలో వినవచ్చు తీర్పులు సామాన్యముగా రెండే. “ఈ హీరో వేస్ట్ రా” అనునది యొకటి. “వీడు ఓపీ రా, వచ్చే ప్యాచ్‌లో నెర్ఫ్ చేసేస్తారు చూడు”, అనగా బలము మితిమీఱినది, రాబోవు సవరణలో తగ్గింతురు, అనునది రెండవది. రెండును ఒక్కొక్కప్పుడు నిజములే యగును. కాని ఆ మాట పలికినవానిని ‘ఎందుచేత?’ నని యడిగినచో, అతడు తానోడిన మ్యాచిని చూపునేగాని హీరో నిర్మాణమునందలి లోపమును వేలుపెట్టి చూపజాలడు. ఆ వేలు ఎక్కడ పెట్టవలెనో తెలిసికొనుటకే ఈ అధ్యాయము.

వ్యక్తిత్వవికాసమును గూర్చిన పుస్తకములో గేముల ప్రసంగ మేలయని పెద్దలు నొసలు చిట్లింపవచ్చును. వారికి నా సమాధానము క్లుప్తము. రాజేశ్ రావు 1997లో ధ్రువ ఇంటరాక్టివ్‌ను స్థాపించినది ఈ బెంగుళూరులోనే. అది 2019లో రాక్‌స్టార్ గేమ్స్ సంస్థలో చేరినది. అనగా ఈ నగరమున గేముల పరిశ్రమకు పాతికేండ్లకు మించిన వయస్సు కలదు. అట్టి పరిశ్రమలో పరీక్షకుని పనికి పోయిన యువకునకు, తనకేది నచ్చలేదో చెప్పుటకంటె, అది ఏ కీలునొద్ద ఏల పట్టు తప్పినదో చెప్పగలుగుట అన్నము పెట్టును. గేముల జోలికే పోనివానికి సైతము, ఒకరు శ్రమించి చేసిన వస్తువును కోపము లేకుండ, మొగమాటము లేకుండ పరిశీలించు నేర్పు కార్ఖానాలోను కాపురములోను నిరర్థకము కాదు. పెద్దలతో వాదము ఇంతటితో చాలింతును.

నేను చెప్పదలచినది ఒక్కటే. క్రొత్త హీరోయందలి దోషము అంకెలలో నుండుట అరుదు. దెబ్బ చిన్నదైనచో పెద్దది చేయవచ్చును, కూల్‌డౌన్ (వాడిన శక్తి మరల సిద్ధమగుటకు పట్టు కాలము) ఎక్కువైనచో తగ్గింపవచ్చును. ఒక ప్యాచ్‌తో మాసిపోవు మచ్చ యది. అసలు దోషము ఒక శక్తి మఱియొక శక్తితో కలియు చోటను, ఆ శక్తులన్నియు గేము నియమములతో కలియు చోటను, తుదకు అవి ఎదుటివాని బుద్ధితో తలపడు చోటను దాగియుండును. అందుచేతనే స్కిల్ వివరములు చదివినంతమాత్రమున అది కనబడదు. పది దినములు ఓడి గెలిచి, గెలిచి ఓడి, ఆ పిదపగాని బయటపడదు.

దీనికి దృష్టాంతముగా మన హైదరాబాదు ఆడపడుచు నొకతెను తీసికొందును. 2016 మే 24న బ్లిజార్డ్ సంస్థ విడుదల చేసిన ఓవర్‌వాచ్ అను గేములో తొలినాటి 21 హీరోలలో సిమ్మెట్రా యొకతె. కథలో ఆమె పేరు సత్య వాస్వాని, జన్మస్థలము హైదరాబాదు, విష్కర్ అను కల్పితసంస్థలో శిక్షణ పొంది, కాంతిని గట్టిపఱచి నర్తకివలె హస్తవిన్యాసముతో దానిని యంత్రములుగను కట్టడములుగను మలచు శిల్పి. (వాస్వాని యనునది సింధీయుల ఇంటిపేరు గదా, సింధు దేశమునను ఒక హైదరాబాదు కలదు గదాయని తర్కించు మిత్రులకు మనవి: కథకులు స్పష్టముగా ఇండియాలోని హైదరాబాదునే పేర్కొనిరి, కనుక ఆమెను మన ఊరి పిల్లగా స్వీకరించుటలో అభ్యంతరము లేదు.) కథ యింత చక్కగ కుదిరిన హీరోకు శక్తులు అంత చక్కగ కుదురకపోవుటయే ఇందలి విశేషము. రెండేండ్లకు కొంచెము మించిన కాలములో ఆమెను రెండుసార్లు పునాదులనుండి తిరిగి కట్టవలసివచ్చినది.

మొదటి రూపమున ఆమె కున్న పరికరములను చూడుడు. చేతిలోని ఆయుధము ఐదు మీటర్లలోపున నున్న శత్రువును తనంతట తానే పట్టుకొని వదలని కాంతిరేఖ. పట్టిన కొలది సెకనుకు 30 నుండి 60కి, 60 నుండి 120కి దాని దెబ్బ పెరుగును. గోడలకంటించు చిన్న టరెట్లు ఆరువఱకు నిలుపవచ్చును గాని ఒక్కొక్కదాని ప్రాణము ఒక్క అంకె మాత్రమే, గాలి తగిలిన పగులును. తోటివారొక్కొక్కరికి 25 షీల్డును తొడుగవచ్చును. అది వారు చచ్చువఱకు అంటిపెట్టుకొని యుండును. ఇక అల్టిమేట్, అనగా అరుదుగా సిద్ధమగు మహాశక్తి, టెలిపోర్టరు: పుట్టుచోటునుండి యుద్ధరంగమునకు ఒక్కదిశలో మాత్రమే తెరచుకొను ద్వారము, ఆర్గురిని దాటించి ముగియును. విడివిడిగా జూచిన ఒక్కొక్కటి ముచ్చటగనే యున్నది. అన్నిటిని కలిపి ఒక మ్యాచిలో దింపినపుడు గాని కథ తెలియదు.

రక్షణపక్షమున మొదటి స్థానమును కాచునపు డామె మహారాజ్ఞి. శత్రువు రాకముందు తీరికగా టరెట్లు అమర్చుకొనును, జట్టులోని ఐదుగురికి షీల్డు తొడుగును, టెలిపోర్టరు నెక్కడనో మూలను దాచును; చచ్చిన తోటివాడు సుదూరము నడువనక్కరలేక మరల ముందువరుసలో ప్రత్యక్షమగును. కాని శత్రువు ఆ స్థానమును గైకొన్న మఱుక్షణమున ఆమె కట్టిన గూడు వెనుకబడిపోవును. ముందునకు సాగుచు పోరవలసిన దాడిపక్షమున నయినచో గూడు కట్టుకొనుటకే తావు లేదు. షీల్డు ఒకమాఱు తొడిగిన పిమ్మట తోటివాడు చచ్చి తిరిగి వచ్చువఱకు ఆ మీట నొక్కుటకు పనియే యుండదు. ఓవర్‌వాచ్‌లో ఆట నడుమ హీరోను మార్చుకొను స్వాతంత్ర్యము కలదు గనుక, ఆటగాండ్రు మొదటి స్థానమునకు సిమ్మెట్రాను పట్టి, అది పోగానే ఆమెను విడిచి వేఱొకరిని పట్టుట పరిపాటి యయ్యెను. ఇందొక సూక్ష్మమున్నది. ఆ స్వాతంత్ర్యము లేని డోటా వంటి గేములో ఇట్టి దోషము మొదటి దినముననే బయటపడి గగ్గోలు పుట్టియుండును. ఇక్కడ మార్చుకొనుట సులభము గనుక దోషము దోషముగా గాక వాడుకగా కనబడినది. కాబట్టి పరీక్షకుడు హీరోను ఎప్పుడు పట్టుచున్నారని మాత్రమే గాక, ఎప్పుడు విడుచుచున్నారని కూడ గమనింపవలెను. విడిచిన నిముషమే సాక్ష్యము.

రెండవ దోషము ఆమెను కూర్చుండబెట్టిన పీటలో నున్నది. ఆమెను సపోర్టు వర్గమున చేర్చిరి. కాని ఆమె యెవరి గాయమును మాన్పజాలదు. ఆనాటి ఆర్గురి జట్టులో సపోర్టు పీటలు సామాన్యముగా రెండు. అందొకటి ఈమె కిచ్చినచో మిగిలిన వైద్యుడొక్కడే ఆర్గురిని మోయవలెను. ఆమె తన పని చక్కగా చేసినను తోటివారు తిట్టుచుండుటకు మూలమిదియే. వారాశించినది వైద్యము, దొరకినది వాస్తుశిల్పము. హీరో బలమెంతయని కొలుచుటకు ముందు, ఆమెనుండి ఏమి ఆశింపుమని గేము జట్టునకు చెప్పుచున్నదో చూడవలెను. ఆ మాటయే తప్పైనచో బలము పెంచినను తిట్లు తగ్గవు.

మూడవదియు, నా దృష్టిలో మిక్కిలి బోధకమైనదియు, ఆ గురి యక్కరలేని కాంతిరేఖ. గురిచూచుట రానివాడు ఇరుకు సందులలో దానితో విజృంభించును. అతనివంటి ఎదుటివాడు తప్పించుకొనుట యెఱుగడు గనుక దొరకిపోవును. నిపుణుల పందెములలో నన్ననో, ఐదు మీటర్ల దాపునకు ఆమె నెవరు రానిత్తురు? దూరముననుండియే పడగొట్టుదురు. ఒకే ఆయుధము అడుగున అన్యాయముగను పైన నిరుపయోగముగను ఉన్నపుడు అంకెలు సవరించువాడేమి చేయును? దెబ్బ పెంచినచో క్రిందివారు మొఱపెట్టుదురు, తగ్గించినచో పైవారు ఆమెను తలచుటయే మానుదురు. ఏ అంకెను ఎటు త్రిప్పినను ఒకరికి కీడు తప్పని స్థితి కనబడినపుడు, అది నిర్మాణదోషమని నిస్సంకోచముగా వ్రాసికొనవచ్చును.

2016 డిసెంబరులో వచ్చిన తొలి పునర్నిర్మాణమున షీల్డు తొడుగుట తీసివేసి, దాని స్థానమున ముందునకు జరిగిపోవు వేయి ప్రాణముల కాంతిఫలక మిచ్చిరి; రేఖ పొడవు ఐదు మీటర్లనుండి ఏడు మీటర్లు చేసిరి; చేతనుంచుకొను టరెట్లను మూడునుండి ఆరు చేసిరి; టెలిపోర్టరు వలదన్నచో చుట్టునున్న తోటివారందఱికిని 75 షీల్డు నిచ్చు యంత్రము నెన్నుకొను వీలు కల్పించిరి. జరుగు ఫలకముతో దాడిపక్షమునకు కొంత ఆసరా చిక్కినది, ఖాళీచేతులకు కొంత పని దొరకినది. కాని పీట మాత్రము మారలేదు; గాయము మాన్పని సపోర్టుగనే మిగిలినది. చివరకు 2018 జూన్‌లో ఆమెను సపోర్టు వర్గమునుండి తప్పించి డామేజ్ వర్గమున చేర్చి, తనంతట తాను పట్టుకొను రేఖను తీసివేసి గురిచూచి పట్టవలసిన రేఖ నిచ్చి, టరెట్లను మూటికి కుదించి విసరుటకు వీలైనవిగా చేసి, టెలిపోర్టరును అల్టిమేట్ స్థాయినుండి దించి ఇరుదిశల పనిచేయు సామాన్యశక్తిగా మార్చి, ఫలకమును మైదానము నీ చివరనుండి ఆ చివరకు నిలువున కోయు మహాకుడ్యముగా అల్టిమేట్ స్థానమున నిలిపిరి. పేరొక్కటే, హీరోలు ముగ్గురు.

ఆ మూడవ రూపమునను ఒక క్రొత్త లోపము పుట్టినది; దీనిని పెద్దగా ఎవరును పట్టించుకొనరు గాని నాకిది ముఖ్యము. టెలిపోర్టరు గుండ దాటవలెనన్నచో తోటివాడు తానై మీట నొక్కవలెను. ఎఱుగనివారితో ఆడునపుడు, ఆమె యెంత మంచి చోట ద్వారము తెరచినను, వారు దానిని చూడక ప్రక్కగా నడచిపోవుదురు. ఫలము అన్యుల ఇష్టముపై ఆధారపడిన శక్తి, మిత్రుల జట్టులో వజ్రాయుధము, ఒంటరి ఆటగానికి అలంకారము. కనుకనే ఒకే హీరోను గూర్చి ఇద్దఱు నిజాయితీపరులు పూర్తిగా విరుద్ధమైన తీర్పులిచ్చుట సంభవము.

ఫోను గేముల వైపు దృష్టి మరల్చినచో, గరీనావారు 2020లో హృతిక్ రోషన్ స్ఫూర్తితో ఫ్రీ ఫైర్‌లో ప్రవేశపెట్టిన జై అను భారతీయపాత్ర ఇంకొకవిధమైన కొఱతకు నమూనా. శత్రువును పడగొట్టగానే తుపాకి మ్యాగజీనులో కొంత భాగము తానే నిండును. అంతే అతని శక్తి. అనగా పోరులో నెగ్గినవానికి మాత్రమే దొరకు బహుమానము. నెగ్గుటకు సాయపడు సాధనము కాదు. ఇద్దఱు ముగ్గురిని వరుసగా కూల్చగల మొనగానికి పనికివచ్చును గాని, మొదటివానినే కూల్చలేక సతమతమగువానికి జై ఉన్నను లేనట్లే. పైగా ఎప్పుడు వాడవలెనను నిర్ణయమే ఆటగాని కుండదు. ఆ గేము 2022 ఫిబ్రవరిలో మన దేశమున నిషిద్ధమైనది గనుక దీనిపై ఇంతకంటె విస్తరింపను.

అదే సంవత్సరము అక్టోబరు 18న రయట్ గేమ్స్‌వారు వాలొరంట్‌లో తొలి భారతీయ ఏజెంటును దింపిరి: వరుణ్ బత్రా, ఆటపేరు హార్బర్, నీటిని శాసించువాడు. మనవాడు వచ్చెనని సంబరపడినవారిలో చాలమంది కొలది వారములలోనే అతనిని ప్రక్కనబెట్టిరి. కారణమేమి? అతడు కంట్రోలరు వర్గమువాడు. శత్రువుల చూపునకు తెరలు కట్టుట అతని ధర్మము. తొలిరూపమున అతనికి ఆటగాడు త్రిప్పినట్లు వంపులు తిరుగు పొడవాటి నీటిగోడ యొకటి, ముందునకు దొర్లి ఆపినచోట ఆగు కెరటము, రౌండునకొక్కటి మాత్రమే కొనదగు నీటిగోళము, శత్రువులున్న ప్రదేశమున నేలనుండి చిమ్ముచు వారిని దిమ్మెరపఱచు అల్టిమేట్ ఉండెను. గోళము గుండ్లనాపును, చూడ ముచ్చటైన శక్తి, కాని గుండ్లు తగిలి తగిలి పగులును. సైటుపై దాడి చేయునపుడు సామాన్యముగా రెండు మూడు చోట్ల చూపు నొక్కమాఱే మూయవలసియుండును. అదే వర్గమువాడైన బ్రిమ్‌స్టోన్ మూడు పొగలను ఒక్కమాఱే దింపగలడు. ఆనాటి హార్బరునకు ఒక్క గోళము. గోడ పొడవైనది నిజమే. కాని అది ఎదుటివానికెంత తెరయో మనకును అంతే తెర, గుండ్లకు మాత్రము తెర కాదు.

ఇక్కడి దోషము అంకెల కొఱత కానే కాదు. నాలుగు శక్తులలో మూడు ఒకే ప్రశ్నకు సమాధానములు. తెర చాలదన్నచో ఇంకొక తెర. మూల దాగినవాని నెట్లు వెడలగొట్టవలెను, శత్రువెటనున్నాడో ఎట్లు తెలిసికొనవలెను అను ప్రశ్నలకు, అల్టిమేట్ నటుంచినచో, ఆనాడతని సంచిలో జవాబు లేకుండెను. తత్ఫలితముగా నతడు జట్టునకు మొదటి కంట్రోలరుగా చాలక, వైపర్ వంటి మఱియొకరి ప్రక్కన రెండవ కంట్రోలరుగనే ఎక్కువగా రాణించెను. ఐదుగురి జట్టులో ఒకే పనికి రెండు పీటలు కేటాయించుట చిన్న త్యాగము కాదు. అయినను ఆ జోడీ కుదిరిన మైదానములలో అతడు నిజముగా బలవంతుడే. కావున అతనిని వేస్టనుట అన్యాయము. ఒంటరిగా నిలువజాలనివాడనుట న్యాయము. ఈ రెండు వాక్యములకు గల దూరమును గ్రహించిన యువకుడు విమర్శలో సగము దారి నడచినవాడు.

ఇంతవఱకు చాలని హీరోలను చూచితిమి. చాలునన్నను మానని హీరోలును కలరు. 2018 మార్చిలో ఓవర్‌వాచ్‌లోనికి వచ్చిన బ్రిగిట్ చేతిలో డాలు, డాలుతో మొత్తి దిమ్మెరపఱచు దెబ్బ, దూరమునకు త్రోయు గొలుసుగుండు, తోటివారికి కవచము, శత్రువును కొట్టుటవలననే చుట్టునున్న మిత్రుల గాయములు మానుట, అన్నియు ఒకేచోట సమకూడినవి. మెఱుపువలె దూకివచ్చు ట్రేసర్, గెంజి వంటివారిని నిలువరించుట కామెను సృష్టించిరి, నిలువరించినది కూడ. కాని లోపములేని సిపాయి ఒక్కడు చేరిన సైన్యమున తక్కిన సిపాయీల స్థానములు కదలిపోవును. ముగ్గురు ట్యాంకులు, ముగ్గురు సపోర్టులు గుంపుగా నడచి, డామేజ్ హీరోలకు జట్టులో చోటే లేకుండచేయు గోట్స్ పద్ధతి పెరిగి, నిపుణుల పందెములను నెలలతరబడి శాసించినది. తుదకు 2019లో ప్రతి జట్టునను ప్రతి వర్గమునకు ఇద్దఱే యుండవలెనని గేము నియమమునే మార్చిరి. బ్రిగిట్ ఒక్కతెయే కారణమనుట అతిశయోక్తి యగును. అయినను కౌంటరు (విరుగుడు) లేని హీరో గేము రాజ్యాంగమును సైతము కదిలింపగలదనుట కిది చాలును. బలహీనత లేకపోవుటయు దోషమే. సిమ్మెట్రా రేఖ ఐదు మీటర్లే యుండుట బుద్ధిపూర్వకముగా నిచ్చిన బలహీనత. దానిని దోషముల పట్టికలో వ్రాయుట తెలివితక్కువ. ఆ ఐదు మీటర్లు దాటిన పిమ్మట ఆమె కింకేమియు చేయుటకు లేకపోవుటయే దోషము.

ఇక ఆచరణకు వత్తము. క్రొత్త హీరో వచ్చినపుడు ముందుగా స్కిల్ వివరములు చదివి, ‘ఈ హీరో ఫలానా పరిస్థితికి పుట్టినాడు’ అని ఒకే వాక్యము కాగితముపై వ్రాసికొనుడు. ఆ వాక్యములో ఒక్క స్థలము, ఒక్క నిముషము, ఒక్క శత్రువు మాత్రమే ఉన్నట్లు తోచినచో ప్రక్కన చుక్క పెట్టుడు. ఆ పిదప ఆడుడు. కాని మొదటి కొన్ని మ్యాచుల ఫలితములను లెక్కలోనికి తీసికొనకుడు. ఎదుటివారికి హీరో క్రొత్త గనుక గెలుపును, మీ చేతికి క్రొత్త గనుక ఓటమియు, రెండును అబద్ధము చెప్పును.

గెలిచిన మ్యాచులకంటె వెనుకబడిన మ్యాచులను శ్రద్ధతో గమనింపుడు. జిగణి గ్రానైటు షెడ్లలో రాతిదిమ్మెను కోతకు పెట్టకముందు దానిపై నీరు చల్లుదురు. తడిసినపుడు రాయి యంతయు ఒక్కటే నిగనిగ, ఆరుచున్నపుడు మాత్రము వెంట్రుకవంటి పగులున్న చోట తేమ గీతవలె నిలిచిపోవును. హీరోయు జట్టు గెలుచుచున్నంతసేపు ఏ బీటయు లేనట్లే యుండును. ఆటలో కూడబెట్టు బంగారము చాలక, అల్టిమేట్ సిద్ధము కాక, తోటివారిద్దఱు చచ్చి నేలగఱచినపుడు అతడు చేయగలిగినదేమైన నున్నదాయని చూడవలెను. ఆ స్థితిలో స్కిల్ వాడిన తరువాత కూల్‌డౌన్ తీరువఱకు మీ వ్రేళ్ళేమి చేయుచున్నవో గుర్తుంచుకొనుడు. ఏమియు చేయుటలేదన్నచో ఆ ఖాళీ ఎన్ని సెకన్లో వ్రాసికొనుడు. ఓపిక గలవారు తమ మ్యాచిని రికార్డు చేసి మరునాడు తిరిగి చూచుట మేలు. ఆడునప్పటి ఉద్రేకములో నిముషములు క్షణములుగను, క్షణములు నిముషములుగను తోచును.

తరువాత పక్షము మారుడు. పాత హీరోను పట్టి, క్రొత్తవానికి ఎదురుగా నిలిచి చావుడు. చచ్చిన ప్రతిమాఱును మిమ్ము మీరడుగవలసినది ఒక్కటే: ఇప్పుడు నేను వేఱొకటి చేసియుంటినేని బ్రతికెడివాడనా? అవునన్నచో హీరో న్యాయమైనవాడు. మీరు నేర్చుకొనవలసినది మిగిలియున్నది. ఏమి చేసినను ఇంతే యన్నచో, అదియు పలుమాఱులు, పలువురి చేత అట్లే తోచినచో, కౌంటరు లోపించినదని వ్రాయవచ్చును. ఈ ప్రశ్న నడుగకుండ నెర్ఫ్ కోరువాడు తన ఓటమికి పరిహారము కోరుచున్నాడంతే. మిత్రులతో కొన్ని మ్యాచులు, అపరిచితులతో కొన్ని మ్యాచులు వేఱువేఱుగా ఆడి, రెంటి ఫలితములను రెండు పుటలలో నుంచుట మఱువకుడు. సిమ్మెట్రా ద్వారమువంటి దోషము అపరిచితుల పుటలో మాత్రమే కనబడును.

గమనించినదానిని నిర్మాతలకు తెలుపు తీరు గూడ నేర్వదగినదే. “హార్బర్ వేస్ట్, బఫ్ చేయండి” అను మాటలో చదువువానికి చేతికి చిక్కునదేమియు లేదు. దానికి మాఱుగా ఇట్లు వ్రాసి చూడుడు: “ఫలానా ర్యాంకులో, అపరిచితులతో ఆడేటప్పుడు, జట్టులో నేనొక్కడినే కంట్రోలర్‌ని. సైట్‌లోకి వెళ్ళడానికి రెండు చోట్ల చూపు మూయాల్సి వచ్చింది. గోళం ఒకచోట వేశాను. గోడ వేస్తే మా వాళ్ళకే ఎదుటివాడు కనపడలేదు. మేము ఆగిపోయాం.” ఇందు పరిస్థితి కలదు, జరిగినది కలదు, ఆటగాడాశించినది కలదు, తిట్టు లేదు, మందు చీటియు లేదు. మందు చెప్పవలదని నేననను. కాని అది చివర, ఒక్క వాక్యములో, సందేహముతో చెప్పదగినది. నొప్పి ఎక్కడనో చెప్పుటకు ఆటగానికంటె అర్హుడు లేడు. మందు విషయమున మాత్రము, అతనికి కనబడని నూఱు పాత్రల లెక్కలు నిర్మాత బల్లపై నుండును. ర్యాంకు తప్పక వ్రాయవలెను. గురి యక్కరలేని ఆ రేఖను గూర్చి క్రిందివాడు వ్రాసినదియు పైవాడు వ్రాసినదియు రెండును సత్యములే గదా.

ఇవన్నియు చదివి, తన చేతులతో ఒక హీరోను కట్టి చూడవలెనని కుతూహలము కలిగినవానికి కంప్యూటరు గాని కోడింగు గాని అక్కరలేదు. పులిజూదము చాలును. మూడు పులులు, పదునైదు మేకలు. మేకల నొక్కొక్కటిగా దింపుదురు, అన్నియు దిగువఱకు అవి కదలరాదు. పులి సరళరేఖలో మేకపైనుండి ఆవలి ఖాళీబిందువునకు దుమికి దానిని చంపును. పులులన్నిటిని కదలనీయకుండ కట్టిన మేకలు గెలుచును. ఇరుపక్షములకును సమానమైన శక్తి ఏదియు లేదు, అయినను ఆట నిలిచినది. ఏలననగా మేకకు వెనుక మేక నిలిచినచో పులి దుముకజాలదు. మేకలకున్న ముఖ్యమైన కౌంటరు అదియే. ఇప్పుడు గదిలో నేలపై సుద్దతో గీతలు గీసి, మూడు పులులలో ఒకదానికి క్రొత్త స్కిల్ నిండు: వరుసగా నున్న రెండు మేకలపైనుండి అది దుముకవచ్చును. ఆడి చూచినచో ఆ ఒక్క మార్పుతో మేకలవాని ముఖ్యరక్షణ తెగిపోవుటయు, అతడు ఎత్తులు వేయుట మాని అదృష్టమును నమ్ముకొనుటయు కన్నులార చూడవచ్చును. అప్పుడు సవరింపుడు. రెండు మేకలపై దుమికిన పులి ఆ తరువాతి మూడు ఎత్తులు కదలరాదని కూల్‌డౌన్ పెట్టుడు. అది చాలకున్న ఆ దుముకు ఆట మొత్తమున ఒక్కమాఱే యనుడు. అదియు కాదన్నచో చంపునది రెండింటిలో ఒక్కదానినే యనుడు. ప్రతి సవరణ తరువాత పక్షములు మార్చుకొని ఆడి, మేకలవాడు ఆ దుముకును ముందుగా పసిగట్టగలిగెనా, పసిగట్టి యేమైన చేయగలిగెనా యని పుస్తకములో వ్రాసికొనుడు. పులి పని ముగిసిన పిమ్మట అటువంటి శక్తినే పదునైదు మేకలలో ఒకదాని కిచ్చి, అది యేదియో పులులవానికి చెప్పకుండ ఆడినచో ఆట పూర్తిగా వేఱుదారి పట్టును. దాని ఫలితములను వేఱొక పుటయందు వ్రాయుడు.